నీరు పల్లమెరుగు: రోమ్ ఫౌంటెన్ల వెంట ఒక పూట నడక

బరంపురం నుంచి రోమ్ వెళ్ళొచ్చినవాళ్ళని ఫౌంటెన్ల గురించి అడిగితే ట్రెవీ ఒక్కటే చెబుతారు. వెనక్కి తిరిగి నాణెం విసిరాం, ఫొటో దిగాం, అంతే. మేం పన్నెండుమందిమి, గిరి రోడ్డు, పెద్ద బజారు చుట్టుపక్కలవాళ్ళం, సగంమంది అరవై దాటినవాళ్ళు, అక్టోబరులో ఒక గైడుని పెట్టుకుని పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం దాకా ఫౌంటెన్లే చూశాం. దారి దాదాపు 4 కిలోమీటర్లు. ఆగుతూ, చూస్తూ, కాఫీ తాగుతూ నాలుగున్నర గంటలు పట్టింది. మీరు వెళ్ళేటప్పుడు పనికొస్తుందని, ఏ వరసలో నడవాలి, ఎక్కడ ఏం చూడాలి, ఎక్కడ చిక్కు వస్తుంది అన్నవి రాస్తున్నాను.

మొదట వరస సంగతి. మామూలు టూర్లు స్పానిష్ మెట్ల దగ్గరో నవోనా చౌకులోనో మొదలై, పేరున్న ఫౌంటెన్లని కలుపుకుంటూ పోతాయి. అలా నడిస్తే ఒక్కో ఫౌంటెన్ ఒక్కో బొమ్మలా కనిపిస్తుంది. ఒకటి ఆకాశానికి చిమ్ముతుంది, ఒకటి నేలలో కూరుకుపోయి బుడబుడమంటుంది, ఎందుకో తెలీదు. ఎత్తు నుంచి పల్లానికి నడిస్తే తెలుస్తుంది. మన ఇళ్ళల్లో ఉన్న లెక్కే. మేడ మీద ట్యాంకు ఉంటే కింద వాటాలో కొళాయి తిప్పగానే బకెట్ అదిరేంత ఫోర్సు వస్తుంది, పై వాటాలో షవరు మాత్రం మూలుగుతూ కారుతుంది. ట్యాంకులో నీటి మట్టానికీ కొళాయి నోటికీ మధ్య ఎంత ఎత్తు ఉంటే అంత ఫోర్సు. రోమ్‌లో శిల్పి ఎంత గొప్పవాడైనా, తన చౌకుకి ఏ కాలువ నీళ్ళు వస్తున్నాయి, అవి ఎంత ఎత్తు నుంచి వస్తున్నాయి అన్నదానికి లోబడే గీత గీశాడు. ఆ రోజుల్లో మోటార్లు లేవు కదా.

కాలువలు నాలుగు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది ఆక్వా వెర్జినే. క్రీ.పూ. 19లో రోమన్ సేనాని అగ్రిప్పా తెచ్చిన పాత కాలువ, తూర్పున సలోనె దగ్గరి ఊటల నుంచి 20 కిలోమీటర్లు చాలావరకు నేల కిందే వస్తుంది. ఆ 20 కిలోమీటర్లలో దిగేది 4 మీటర్లే. రెండోది ఆక్వా ఫెలీచే, పోప్ 5వ సిక్స్టస్ హయాంలో 1587కి పూర్తయింది. ఆయన అసలు పేరు ఫెలీచే పెరెట్టి, దానికే ఆ పేరు. ఇది గుట్టల మీదికి నీళ్ళు ఎక్కించడానికే కట్టింది కాబట్టి ఎత్తులో వస్తుంది. మూడోది ఆక్వా పావోలా, 1612, టైబర్ నదికి అవతల గట్టు మీదికి. నాలుగోది ఆక్వా మార్చా పియా, 1870 సెప్టెంబరు 10న పోప్ 9వ పయస్ ప్రారంభించాడు. సరిగ్గా పది రోజులకి ఇటలీ సైన్యం ఊళ్ళోకి వచ్చి పోప్ రాజ్యం పోయింది. ప్రతి కాలువా ఊళ్ళోకి చేరిన చోట దర్జాగా ఒక పెద్ద ఫౌంటెన్ కడతారు, దాన్ని ‘మోస్త్రా’ అంటారు, చూపు అని అర్థం. కాలువ మన ఇంటికొచ్చిన కొత్త కోడలనుకుంటే, మోస్త్రా గృహప్రవేశం.

మెట్రో ‘A’ లైనులో రిపుబ్లికా స్టేషన్ దిగండి, అక్కడే మొదలు. టెర్మినీ పెద్ద స్టేషన్ దగ్గర బస ఉంటే నడిచే రావచ్చు. చౌకు మధ్యలో ఉన్నది నయాడ్ల (అంటే జలకన్యల) ఫౌంటెన్, మార్చా పియా కాలువ మోస్త్రా. నీటి జంతువుల మీద వాలిన నలుగురు కంచు ఆడవాళ్ళని మారియో రుతెల్లి 1901లో చేశాడు, బట్టల్లేవని అప్పట్లో పెద్ద గొడవయింది. మన గుళ్ళ గోడలు చూసి పెరిగినవాళ్ళకి ఆ గొడవ అంతగా అర్థం కాదు. నీళ్ళు బాగా ఎత్తుకి లేస్తాయి, ఆ ఎత్తు గుర్తుపెట్టుకోండి, చివరికి వచ్చేసరికి పోల్చాలి. చుట్టూ వాహనాలు తిరుగుతుంటాయి, గుంపుగా రోడ్డు దాటకపోతే సగం మంది ఇవతలే మిగిలిపోతారు.

అక్కడ గైడు అందరికీ చిన్న రేడియో డబ్బా, చెవిలో పెట్టుకునే తీగ ఇస్తాడు. ముందే అడగండి: ఆ డబ్బాల అద్దె టూరు ధరలో కలిపిందా, విడిగానా? డబ్బా వెనక ఛానల్ నంబరు చూసుకోండి. పక్క గుంపు అదే ఛానల్ మీద ఉంటే మీ చెవిలో స్పానిష్ వినిపిస్తుంది, మాకు ట్రెవీ దగ్గర అదే జరిగింది. సందు మలుపు తిరిగితే గరగరమంటుంది, రాతి గోడలు అడ్డమైతే పూర్తిగా పోతుంది. పెద్దవాళ్ళు గరగర వినగానే బ్యాటరీ అయిపోయిందనుకుని డబ్బా ఆపేస్తారు, ఆపొద్దని ముందే చెప్పాలి. గైడు ఇంగ్లీషులో చెబితే మాలో ఒకరు వెనకుండి పెద్దలకి తెలుగులో చెబుతూ వచ్చారు. అందుకని గైడుని రెండు వాక్యాలకోసారి ఆగమని మొదట్లోనే ఒప్పించుకున్నాం.

అక్కడి నుంచి 300 మీటర్లలో మోషే ఫౌంటెన్. ఆక్వా ఫెలీచే మోస్త్రా ఇది, దొమెనికో ఫొంటానా 1585-88 మధ్య కట్టాడు. మూడు కమానులు, మధ్యలో బైబిల్ ప్రవక్త మోషే భారీ విగ్రహం, కింద నీళ్ళు కక్కే నాలుగు సింహాలు. విగ్రహం పొట్టిగా, లావుగా ఉందని మొదటి రోజు నుంచీ రోమ్ జనం వెక్కిరించారు. ఇంకో తప్పు కూడా పట్టారు: రాతిని కొట్టి నీళ్ళు రప్పించే వేళ మోషే చేతిలో ధర్మశాసన పలకలు ఎందుకు? పైన ఉన్న శాసనం కంటే నాకు దాని వెనకున్న కథ నచ్చింది. ఈ కాలువ పని మొదట చేపట్టిన ఇంజనీరు మట్టాల లెక్క తప్పాడు. తవ్విన కాలువలో నీళ్ళు ముందుకి రాకుండా వెనక్కి పోయాయి. తర్వాత దొమెనికో అన్న జొవాన్ని ఫొంటానా వచ్చి మట్టం సరిచేసి పూర్తి చేశాడు. పొలానికి బోదె తవ్వినవాళ్ళకి ఈ కష్టం వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడి సింహాలు నకళ్ళే, అసలువాటిలో ఈజిప్టు నుంచి వచ్చినవి వాటికన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇంకో అర కిలోమీటరు లోపే నాలుగు ఫౌంటెన్ల కూడలి, క్వాత్రో ఫొంటానె. నాలుగు మూలల్లో గోడలోకి తొలిచిన నాలుగు ఫౌంటెన్లు, 1588-93 నాటివి. ఇద్దరు నదీ పురుషులు, ఇద్దరు దేవతలు: జూనో, డయానా. ఇక్కడ ఆగే చోటు లేదు. కాలిబాట మూరెడు, పక్కనుంచే కార్లు, స్కూటర్లు. పన్నెండుమందిని ఒకేసారి నిలబెట్టి చెప్పడం కుదరదు, గైడు ముందే చెప్పవలసింది చెప్పేసి ముగ్గురు ముగ్గురిని పంపాలి. కూడలి మధ్యకి వెళ్ళి ఫొటో తీయాలని ఎవరికైనా అనిపిస్తే చెయ్యి పట్టి లాగండి. ఆ కూడలి నుంచి మూడు దిక్కుల మూడు ఓబెలిస్కులు (కొస సన్నగా ఉండే ఎత్తైన రాతి స్తంభాలు), నాలుగో దిక్కున పోర్టా పియా ద్వారం కనిపిస్తాయి. 5వ సిక్స్టస్ ఊరిని దారంతో గీసినట్టు గీయించాడని అక్కడ తెలుస్తుంది.

ఇక దిగుడు. బర్బెరిని చౌకుకి దిగే వీధి ఏటవాలు బాగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అడ్డంగా అడుగులేస్తూ దిగాలి. కింద ట్రైటన్ ఫౌంటెన్. శిల్పి బెర్నీని 1642-43లో పోప్ 8వ అర్బన్ కోసం చేసింది. నాలుగు డాల్ఫిన్ల తోకల మీద విప్పుకున్న పెద్ద చిప్ప, దాని మీద మోకాళ్ళ మీద కూర్చున్న సముద్ర దేవుడు, తలెత్తి శంఖం ఊదుతున్నాడు, శంఖం నుంచి నీళ్ళు పైకి. పూరించిన శంఖంలోంచి ఊపిరికి బదులు నీళ్ళు వచ్చినట్టు. ఈ ఊహ వెర్జినే నీళ్ళతో అయ్యేది కాదు. గుట్ట మీది ఫెలీచే నీళ్ళు ఇక్కడికి దిగుతాయి కాబట్టే నీళ్ళు పైకి చిమ్మాయి. డాల్ఫిన్ల మధ్య పోప్ కిరీటం, తాళంచెవులు, ఆయన వంశం గుర్తయిన మూడు తేనెటీగలు వెతకండి.

తేనెటీగలు ఎందుకు చూడమన్నానంటే, అదే చౌకు మూలన వెనెతో వీధి మొదట్లో తేనెటీగల ఫౌంటెన్ ఉంది, 1644. పెద్ద చిప్ప, దాని కీలు దగ్గర మూడు ఈగలు, సన్నటి ధారలు. పెద్ద ఫౌంటెన్ ఊరికి అందం కోసం, ఇది విడిగా జనం వాడకం కోసం అని దాని మీద రాశారు. పోప్ ఏలుబడి 22వ ఏడు అని ముందే చెక్కించారు, ఆ ఏడు మొదలవ్వడానికి ఇంకా కొన్నాళ్ళుంది. అశుభమని జనం గొణిగితే, రోమన్ అంకెల XXIIలో చివరి I చెరిపేసి 21 చేశారు. 22వ ఏడు మొదలవడానికి ఎనిమిది రోజుల ముందు పోప్ పోయాడు. ముహూర్తం ముందే శిలాఫలకం వేయించే నాయకులు మన దగ్గరా తక్కువేమీ కాదు.

ఇక్కడ కాఫీ. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఒక ధర, తేడా రెండింతలు కూడా ఉంటుంది. లోపల కౌంటరు దగ్గర నిలబడి తాగండి, బాత్రూము కూడా అక్కడే. దారిలో ఉచిత బాత్రూములు దొరకవని లెక్క పెట్టుకునే బయల్దేరాలి. నీళ్ళ సీసా మాత్రం కొనక్కర్లేదు. ఊరంతా ఇనుప కొళాయిలున్నాయి, వంకర ముక్కులా ఉండే గొట్టం వల్ల ‘నజోనె’, అంటే పెద్ద ముక్కు అంటారు. 1874 నుంచి పెట్టారు, దాదాపు 2,500 ఉన్నాయి. పోత ఇనుము, బరువు 100 కిలోల దాకా, రాత్రీ పగలూ కారుతూనే ఉంటాయి, తాగే నీళ్ళే. ముక్కు కొసని వేలితో మూస్తే ముక్కు పైనున్న చిన్న చిల్లు నుంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు. మొదటిసారి మూసేటప్పుడు పక్కకి నిలబడండి, లేకపోతే చీర కొంగు తడుస్తుంది. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే ఊరివాళ్ళం కదా, కట్టెయ్యని కొళాయి చూస్తే మనసు ఒప్పుకోదు. మాలో ఒక పెద్దావిడ రెండుసార్లు తిప్పే మర కోసం వెతికారు. నీళ్ళు గొట్టాల్లో నిలవ ఉండకుండా పారుతుంటేనే శుభ్రంగా ఉంటాయని ఇక్కడివాళ్ళ సమాధానం. 2017 కరువులో మాత్రం వాళ్ళే చాలావాటిని కట్టేశారు.

అక్కడి నుంచి సిస్టీనా వీధిలో అర కిలోమీటరు పైన నడిచి త్రినితా దెయ్ మొంతి గుడి ముందుకి వచ్చి, స్పానిష్ మెట్లు దిగాలి. మెట్లు 130 పైచిలుకు. ఎక్కడం కాదు, దిగడమే మన వరసలో లాభం. మెట్ల మీద కూర్చోవద్దు, 2019 నుంచి నిషేధం, జరిమానా వందల యూరోల్లో. మోకాలు పట్టేస్తే నిలబడే సేద తీరాలి, లేదా మెట్రో స్టేషన్ లిఫ్టు అడగాలి.

మెట్ల కింద బార్కాచా, మునిగిపోతున్న పడవ. చాలామంది దీన్ని ఒక్క చూపుతో వదిలేస్తారు, నాకు మాత్రం ఈ నడక మొత్తానికి ఇదే కీలకం. 1627-29లో బెర్నీని తండ్రి పియెత్రో బెర్నీని చేశాడు. ఇప్పటిదాకా మనం గుట్ట మీది నీళ్ళు చూశాం, ఇక్కడి నుంచి అంతా వెర్జినే. ఆ నీళ్ళు ఈ చౌకుకి దాదాపు నేల మట్టంలోనే వస్తాయి. నిలువు గొట్టం పెడితే నీళ్ళు కారనే కారవు. శిల్పి ఏం చేశాడంటే, చౌకుని తవ్వి, నేల కంటే పల్లంలో కుండీ పెట్టి, అందులో సగం మునిగిన పడవని ఉంచాడు. పడవ మునుగుతోంది కాబట్టి నీళ్ళు చిమ్మనక్కర్లేదు, అంచుల మీంచి కారితే చాలు. లోటునే కథగా మార్చాడు. 1598 వరదలో ఒక పడవ ఇక్కడిదాకా కొట్టుకొచ్చిందని కథ చెబుతారు, గైడులందరికీ ఆ కథే ఇష్టం. గైడు దగ్గర మట్టం సంగతి అడిగి చెప్పించుకోండి. ట్రైటన్ చూసిన కళ్ళతో వెంటనే దీన్ని చూడాలి, అందుకే ఈ వరస.

ట్రెవీకి పోయే దారిలో నజరేనో వీధిలో ఇనుప చువ్వల వెనక పాత రాతి కమానులు కనిపిస్తాయి. వెర్జినే కాలువవే, క్లాడియస్ చక్రవర్తి మరమ్మతు చేయించినట్టు శాసనం ఉంది. రోడ్డు మట్టం కంటే ఎంతో కిందికి పోయాయి, రెండు వేల ఏళ్ళలో ఊరు అంత పైకి పేరుకుంది. ఎవరూ ఆగరు, ఒక్క నిమిషం ఆగండి. రోమ్ నీటి అధికారిగా పనిచేసిన ఫ్రాంటినస్ క్రీ.శ. 97 ప్రాంతంలో ఈ కాలువల గురించి ఒక పుస్తకం రాశాడు, అందులో ఆయన పెద్ద ఫిర్యాదు వీధుల కింద దొంగ గొట్టాలు కలుపుకుని నీళ్ళు లాగేవాళ్ళ మీద. మున్సిపాలిటీ లైనుకి మోటారు బిగించి లాగే పక్కింటాయన గుర్తొచ్చి మావాళ్ళు నవ్వుకున్నారు.

ట్రెవీ దగ్గర గైడు మాట వినిపించదు, అంత రొద. అందుకని కమానుల దగ్గరే చెప్పేయమనండి. 1732లో నికోలా సాల్వి మొదలుపెట్టాడు, 1751లో ఆయన పోయాక జుసెప్పె పనీని అనే వాస్తుశిల్పి చేతి మీదుగా 1762కి పూర్తయింది. వెనకున్న పాలాత్సో పోలీ భవనం ముఖమే ఫౌంటెన్‌కి గోడ. ఎత్తు 26 మీటర్లు, వెడల్పు 49. ఇంత పెద్దది, అయినా నిలువుగా చిమ్మే ధార దీనికి గొప్ప కాదు. నీళ్ళన్నీ రాళ్ళ మీంచి దిగేవే, అడ్డంగా పరుచుకునేవే. కారణం మీకిప్పుడు తెలుసు. చౌకు కూడా మెట్లు దిగి చేరే పల్లంలో ఉంది, ఆ రెండు మూడు మీటర్ల పల్లమే జలపాతానికి ఎత్తు ఇచ్చింది. పైన కుడివైపు చెక్కడంలో ఒక కన్య సైనికులకి ఊట చూపిస్తుంటుంది, వెర్జినే అన్న పేరు అందుకే.

గట్టు దగ్గరికి దిగడానికి బయటివాళ్ళకి 2026 ఫిబ్రవరి నుంచి 2 యూరోల టికెట్ పెట్టారు, చౌకులో నిలబడి చూడటానికి డబ్బు లేదు. ఒకేసారి 400 మందిని మించి కిందికి వదలరు. నాణేలు కారితాస్ అనే సేవాసంస్థకి పోతాయి. నీళ్ళలో కాలు పెడితే జరిమానా తప్పదు, చెయ్యి ముంచినా ఈల వేస్తారు. అందులోవి తిప్పి తిప్పి వాడే నీళ్ళు, తాగేవి కావు. తీర్థంలా తల మీద చల్లుకోబోయిన మావాళ్ళని ఆపాల్సొచ్చింది. ఫౌంటెన్ కుడిపక్కన చిన్న ధార ఉంది, తాగే నీళ్ళు అవే. పదకొండు దాటితే ఇక్కడ జేబుదొంగలకి పండగ, సంచి ముందుకి వేసుకోవాలి. తప్పిపోయినవాళ్ళు ఫౌంటెన్ దగ్గర వెతుక్కోకూడదు, ఎదురుగా ఉన్న గుడి మెట్ల దగ్గర కలవాలని ముందే ఒక గుర్తు చెప్పుకోండి. ప్రశాంతంగా చూడాలంటే మర్నాడు తెల్లవారకముందు మళ్ళీ రావాలి, వేరే దారి లేదు.

పాత రోమన్ గుడి పాంథియాన్ ముందున్న ఫౌంటెన్ దగ్గర పెద్దగా ఆగనక్కర్లేదు. 1575 నాటి కుండీ, 1711లో దాని మీద ఓబెలిస్కు నిలబెట్టారు. ఇక్కడి నుంచి రాళ్ళ బాటే. చదరంగా కొట్టిన నల్లరాళ్ళు, మధ్యలో సందులు, హవాయి చెప్పులేసుకున్నవాళ్ళు రెండు చోట్ల తూలారు. వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో తప్పనిసరి.

నవోనాలో మూడు ఫౌంటెన్లు. నడిమిది బెర్నీని నాలుగు నదులు, 1651. పోప్ 10వ ఇన్నోసెంట్ దీనికోసం పన్నులు వేస్తే జనం ‘ఓబెలిస్కులు కాదు, రొట్టె కావాలి’ అని గొడవ చేశారు. నాలుగు ఖండాలకి నాలుగు నదులు: డాన్యూబ్, నైలు, ప్లాతా, గంగ. నైలు పుట్టిన చోటు అప్పటికి తెలీదు కాబట్టి తల మీద ముసుగు. ఎదురు గుడి కట్టిన బొర్రొమినీ మీద కోపంతో ముసుగేశాడని చెబితే నమ్మకండి, ఆ గుడి పని 1652లో గానీ మొదలవ్వలేదు. మన గంగ చేతిలో పొడవాటి తెడ్డు పట్టుకుని వెనక్కి వాలి ఉంటుంది. ఉంటాడు అనాలి.

‘‘గంగమ్మ తల్లికి గెడ్డమేటి బాబూ?’’ అని మా పెద్దావిడ అడిగారు.

‘‘వీళ్ళకి నదులన్నీ మగవే పిన్నీ,’’ అని చెప్పాం. ఆవిడ ఒప్పుకోలేదు, అయినా దండం పెట్టుకున్నారు.

బొమ్మల కింద చూడండి: బండని గుహలా తొలిచేశాడు, ఇటు నుంచి అటు కనిపిస్తుంది. అంత బరువు ఓబెలిస్కు బోలు మీద నిలబడింది. ఇక్కడా నీళ్ళు వెర్జినేవే, అందుకే ధారలు రాతి పగుళ్ళలోంచి పక్కలకి దూకుతాయి. అయితే ఒక జాగ్రత్త: ఇప్పుడు చాలా పెద్ద ఫౌంటెన్లలో పంపులున్నాయి, నేడు కనిపించే ధార ఎత్తు నాటిది అనుకోకూడదు. నాటి సంగతి చెప్పేది రాతి ఆకారమే. ఇంకోటి, ఈ ఊరి నీళ్ళలో సున్నం ఎక్కువ. రాయి మీద తెల్లగా గట్టిపడుతుంది, ఎండ తగిలిన చోట పాచి. దాన్ని గీకడానికి ఫౌంటెన్లని అప్పుడప్పుడు ఎండగడతారు, మీరు వెళ్ళిన రోజు ఏదో ఒకటి పొడిగా ఉండొచ్చు. పొడిగా ఉంటే విసుక్కోకండి, గొట్టాల నోళ్ళు, కుండీ అడుగు అప్పుడే కనిపిస్తాయి.

చాలా టూర్లు నవోనాలో ముగుస్తాయి. ఇంకో 800 మీటర్లు నడిపించమని ముందే మాట్లాడుకోండి, మత్తేయ్ చౌకు దాకా. సందులో చిన్న చౌకు, జనం ఉండరు. తాబేళ్ళ ఫౌంటెన్, 1581-88. జాకొమో దెల్లా పోర్తా గీత, తద్దెయో లాందీని కంచు పని. నలుగురు కుర్రాళ్ళు ఒక కాలు డాల్ఫిన్ తల మీద పెట్టి, ఒక చెయ్యి పైనున్న పళ్ళెం అంచుకి చాచి ఉంటారు. మొదట అనుకున్న డాల్ఫిన్లు ఎనిమిది, పైన కూడా నాలుగు. వెర్జినే నీళ్ళకి అంత పైన ఫోర్సు చాలక పై నాలుగూ తీసేశారు. కుర్రాళ్ళ చేతులు ఉత్త గాలిలో మిగిలిపోయాయి. 70 ఏళ్ళు అలాగే ఉన్నాక, 1658 ప్రాంతంలో ఆ వేళ్ళ కొసన ఒక్కో తాబేలుని పెట్టారు, నీళ్ళు తాగడానికి పళ్ళెంలోకి ఎక్కిస్తున్నట్టు. బెర్నీని పనే అంటారు. 1979లో ఒక తాబేలు దొంగతనమయ్యాక నకళ్ళు పెట్టి, మిగిలిన అసలువి కాపితోలీన్ మ్యూజియంలో దాచారు.

టైబర్ అవతల గట్టు మీది ఆక్వా పావోలా మోస్త్రాని ఇదే పూట కలపకండి, ఎక్కుడు చాలా ఉంది. సాయంత్రం బస్సులో వెళ్ళొచ్చు, అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది కూడా. మత్తేయ్ చౌకు నుంచి అర్జెంతీనా అనే చౌకు ఐదు నిమిషాలు, బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. కదిలేముందు రేడియో డబ్బాలు లెక్కపెట్టి గైడుకి ఇచ్చేయండి. మాకు పదకొండే తేలాయి, పన్నెండోది మా పిన్ని మెడలో కొంగు కింద ఉంది, ఇంకా గరగరమంటూ.